పాత దారంతో సహా

నగ అసలుదో నకిలీదో చెప్పమని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గద్వాలలో మా ఇంటి పని దారానికి నగ ఎక్కించడం. బంగారం పని కంసాలిది, రాయి పొదిగే పని ఇంకొకరిది. వాళ్ళు చేసి ఇచ్చిన బిళ్ళలను, పూసలను పట్టుదారం మీద గుచ్చి, ముడి వేసి, మెడకు సరిపోయేలా చేసి ఇవ్వడం మాది. ఎన్నో ఏళ్ళు చేతుల్లో నలిగితే రాయి ఏదో గాజు ఏదో వేళ్ళకే తెలుస్తుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మెత్తగా చెప్పడం మాత్రం నాకు రాదు. "మీ అత్త నీకు గాజు పెట్టింది" అని ఒక కొత్త కోడలి మొహం మీదే అనేసి, ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కకుండా చేసుకున్నాను.

ఈ మధ్య ఎవరూ నగ చేతికివ్వడం లేదు. ఫోన్ ఇస్తున్నారు.

నా కూతురి కూతురు వనపర్తిలో మెడికల్ షాపులో పనిచేస్తుంది. అది ఒకటో తరగతిలో చేరిన ఏడు దాని పలక మీదే నేనూ అక్షరాలు దిద్దాను. అందుకని ఇప్పటికీ నన్ను పరీక్ష పెట్టినట్టు మాట్లాడుతుంది. ఒక ఆదివారం వచ్చి, చెప్పులు విడవకుండానే ఫోన్ నా ముందు పెట్టింది.

"సదువు అమ్మమ్మా, ఏం రాసిండ్రో."

కూడబలుక్కుని చదివాను. పాతకాలపు కెంపుల పట్టెడ. అసలు రాళ్ళు. పాత దారంతో సహా.

"దారంతో సహా ఏందే? కొనేటోళ్ళకు దారమెందుకు?"

"పాతది అని నమ్మనీకి. కొత్త దారం ఉంటే కొత్త నగ అనుకుంటరంట. నువ్వు అసలుదంటే తీస్కుంట. నా జీతంల దాచుకున్నయి. ఎవ్వల్నీ అడుగుత లేను."

దాని మొహం చూస్తే వద్దనబుద్ధి కాలేదు. పట్టెడ అంటే గొంతుకు అంటుకుని ఉండే నగ. చిన్న చిన్న చదరపు బంగారు బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో కెంపులు. ఫోటో చూసి నేను ఏమీ చెప్పనన్నాను. అమ్మేవాడికి ఫోన్ చెయ్యి, వీడియోలో చూపించమను, నేను చెప్పినట్టు తిప్పమను అన్నాను.

అమ్మేవాడు హైదరాబాదులో ఎక్కడో ఉన్నాడు. వాడి మొహం కనిపించలేదు, చేతులు కనిపించాయి. శుభ్రంగా గోళ్ళు కత్తిరించుకున్న చేతులు.

"రాయి మీద ఊదమను," అన్నాను.

ఊదాడు. మంచు పట్టినట్టు పట్టి, చూస్తుండగానే విడిపోయింది. గాజు మీద అయితే కాసేపు నిలుస్తుంది.

"ఎండలోకి తెమ్మను."

కిటికీ దగ్గరికి తెచ్చాడు. గాజు రాళ్ళన్నీ ఒక్క రంగులో ఉంటాయి, ఒక కడుపున పుట్టినట్టు. ఇవి అట్లా లేవు. ఒకటి దానిమ్మ గింజ, పక్కది ఎండు మిరప తోలు, ఇంకొకటి నీళ్ళు కలిసిన నెత్తురు. లోపల మబ్బు ఉంది, సన్నని గీతలు ఉన్నాయి.

"వెనక్కి తిప్పమను. కన్నాల అంచులు చూపించమను."

బిళ్ళకు పైన ఒక కన్నం, కింద ఒక కన్నం. రెండు దారాల మీద నిలబడే నగ. కన్నాల అంచులు దారం రాసుకుని రాసుకుని గుండ్రంగా అరిగి ఉన్నాయి. ఆ అరుగుదల ఆకురాయితో పుట్టించలేరు. పుట్టిస్తే అన్ని కన్నాలూ ఒక్క తీరుగా వస్తాయి. ఇక్కడ మధ్య బిళ్ళలవి ఎక్కువ అరిగాయి, చివరి బిళ్ళలవి తక్కువ. మెడ మీద ఉన్న నగ అట్లాగే అరుగుతుంది.

"అమ్మా, మేం ఖాందానీ వాళ్ళం. నకిలీ మాల్ ముట్టం," అంటున్నాడు వాడు.

మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. "అసలుదేనా?"

"ఉండు. దారం చూపించమను."

దారం చూడటం నా అలవాటు. ఎవరి పని వాళ్ళు చూస్తారు కదా. వాడు పట్టెడ రెండు కొసలూ పట్టుకుని ఫోన్‌కు దగ్గరగా తెచ్చాడు. ఎర్ర పట్టుదారం. ముడి మీద లక్క చుక్క. ముడికి ఇవతల దారం కోసి ఉంది. విప్పలేదు, కోశారు. కోసిన చోట పోగులు విడిపోయి, ఎర్ర పోగుల మధ్యలో ఒకే ఒక్క నల్ల పోగు కనిపించింది.

ఆ నల్ల పోగు నేను పెట్టిందే. దిష్టికి పెడతాను. మా అమ్మ పెట్టేది, నేను పెడతాను, ఇంకెవరూ పెట్టరు.

ఆ ముడి నేను ఎవరి మెడ వెనుక వేశానో నాకు తెలుసు.

అమరచింతలో ఒక రైతు ఇల్లు ఉంది. ఆ ఇంటి పట్టెడకు కొక్కెం ఉండదు. పెద్దకోడలి మెడ మీదే దాన్ని గుచ్చాలి, ముడి మీద లక్క కరిగించి పోయాలి. ఆ తర్వాత ఆమె పోయేదాకా అది మెడ దిగకూడదు. పోయాక మా ఇంటి మనిషిని పిలుస్తారు. మేము వెళ్ళి కత్తెరతో దారం కోసి, కర్మలన్నీ అయ్యాక తర్వాతి పెద్దకోడలి మెడ మీద గుచ్చుతాం. మధ్యలో దారం పాతబడితే మమ్మల్నే పిలుస్తారు. పై కన్నాల్లో కొత్త దారం ఎక్కించి ముడి వేసిన తర్వాతే కింది దారం లాగేస్తాం. మెడ ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండటానికి లేదు. ఆ ఇంటి అత్త పోయినప్పుడు మా అమ్మ కత్తెర పట్టింది. కొత్త కోడలి మెడ మీద గుచ్చింది మాత్రం నేనే. ఆ కోడలికి నాకూ అప్పటికి మీసాల్లేని మొగుళ్ళు. అప్పటి నుంచి నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. నా మోకాళ్ళు పట్టేసే ముందు చివరిసారి పోయి కొత్త దారం వేసి వచ్చాను. ఇప్పుడు ఫోన్‌లో కనిపిస్తున్నది ఆ దారమే.

"ముడి ఇంకోసారి చూపించమను," అన్నాను. నా పొరపాటు కావాలనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక నగ నకిలీది అయితే బాగుండునని కోరుకున్నది ఆ ఒక్కసారే. చూపించాడు. నా ముడే.

"యాడ దొరికింది అడుగు."

"పాలమూరు దిక్కు పార్టీ అమ్మా. పేర్లు మేం అడగం," అన్నాడు వాడు.

ఫోన్ పెట్టేయమన్నాను. "కొనకు బిడ్డా."

"నకిలీదా?"

"అసలుది. అందుకే."

దానికి సంగతంతా చెప్పాను. మొహం తెల్లబోయింది. "అంటే ఆ అవ్వ..."

"పోతే నన్ను పిల్వాలె. పిల్వలే."

అమరచింతకు ఫోన్ చేస్తే అక్క కోడలు ఎత్తింది. అత్తమ్మ బాగుంది, కంటి ఆపరేషన్ అయింది, పండుకుంది అని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. లేపమంటే లేపలేదు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. జూరాల కట్ట మీదుగా ఆత్మకూరు, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను, ముసలిదానివి, కళ్ళు సరిగ్గా లేవు, నల్ల పోగులు లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండవా అని.

ఆమె పంచలో మంచం మీద కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు. నా అడుగు చప్పుడుకే మొహం ఎత్తింది.

"గద్వాల చెల్లెనా?"

మెడలో పట్టెడ ఉంది. అమ్మయ్య అనుకున్నాను. మంచం అంచున కూర్చున్నాను. అప్పుడే ఆమె ఎంత చిక్కిపోయిందో చూశాను. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"అన్నం తింటలేవా అక్కా?"

"ముద్ద దిగుతలేదు. ఇగ ఎందుకు తినాలె? నా దినాలు దగ్గరపడ్డయి." నా చెయ్యి వెతికి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది. "జర పట్టి చూడు. తెల్లారంగ లేస్తే ఇది గొంతు మీద మంచుగడ్డ లెక్క ఉండేది. ఇన్నేండ్లు గట్లనే ఉండె. దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది చల్లగ ఉంటలేదు చెల్లె. ఒంటి మీద నగ వెచ్చబడుతుందంటే లోపల పాణం కాలిపోతున్నట్లు. మా అత్త పొయ్యే ముందట గూడ గిట్లనే అన్నది."

వేలితో నొక్కాను. చల్లదనం లేదు. బరువు లేదు. వేలికొన పెట్టి కన్నం అంచు తడిమితే కొత్త రేకులా గరుకుగా తగిలింది. మెడ వెనుకకు చెయ్యి పోనిచ్చాను. దారం కుచ్చు కింద చిన్న కొక్కెం.

తల ఎత్తితే గడపలో కోడలు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటున్నది, విప్పుతున్నది.

"చాయ్ పెడుత చిన్నత్తమ్మా," అంది. కదల్లేదు.

"నువ్వొచ్చింది మంచిగైంది చెల్లె," అంటున్నది అక్క. "సచ్చినంక పిలిస్తే నువ్వు వచ్చేసరికి ఆలస్యమైతది. ఇప్పుడే కోసెయ్. నా కోడలి మెడల నేనుండంగనే గుచ్చు. నా చేతులతో తడిమి చూస్కుంట."

"వద్దత్తమ్మా!" కోడలు గట్టిగా అరిచింది. "గట్ల మాట్లాడకు. నాకొద్దు."

నేను మెత్తగా చెప్పలేనని ముందే రాశాను. ఆ మంచం మీద ఒక మనిషి ఉత్త రేకు వెచ్చబడిందని చావుకు సిద్ధమై అన్నం మానేసి ఉంది. చెప్పకపోతే నిజంగానే పోతుంది.

"అక్కా, నీకు సావు రాలే. ఇది నీ పట్టెడ కాదు. రేకు మీద అతికిచ్చిన రంగు రాళ్ళు. రేకు చల్లగ ఎందుకుంటది?"

ఆమె బొటనవేలి గోటితో ఒక రాయిని గీకింది. రాయి లేచి వచ్చి ఒళ్ళో పడింది.

"అయితే నాది యాడుంది?" నన్ను అడగలేదు. గడప వైపు మొహం తిప్పి అడిగింది.

"దవాఖానల తీయమన్నరు," అంది కోడలు. "బీరువల పెట్టినం."

"తే."

"తాళం చెవి ఆయన తాన ఉంది."

ఆయన, అంటే అక్క కొడుకు, రానే వచ్చాడు. బండి ఆపి, స్టాండు వేసి, పెళ్ళాం చెప్పేది వింటూ చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకున్నాడు. నేను గుచ్చిన పట్టెడ తడుముతూ ఆ తల్లి ఒళ్ళో నిద్రపోయిన పిల్లవాడు వీడే. నా వైపు చూసి నవ్వాడు.

"చిన్నమ్మా, నీకు గూడ చూపు మందగించింది. నువ్వొకసారి ఆపరేషన్ చేయించుకో. పా, ఆత్మకూరు బస్సుకు నేను దింపుత. ఎండల ఎందుకు నడుస్తవ్."

నేను రానన్నాను. వాడు నా సంచి తీసుకుని బండికి తగిలించాడు. ఇంకా ఉంటే ఆ ఇంట్లో ఏమవుతుందో అన్న భయంతో ఎక్కాను. అక్క మొహం మాత్రం గడప వైపే ఉంది.

ఊరు దాటాక, కాలువ దగ్గర బండి ఆపాడు. చుట్టూ వరి చేలు, మనిషి జాడ లేదు. కాలువ నిండుగా పారుతున్నది. దిగి, మెల్లగా కిందికి పోయి, మొహం కడుక్కున్నాడు. నేను బండి పక్కనే నిలబడ్డాను. పరుగెత్తే కాళ్ళు కావు నావి.

"అమ్మకు మతి సక్కగ లేదు," అన్నాడు నీళ్ళ వైపు చూస్తూ. "పగలు ఒకటంటది, రాత్రి ఒకటంటది. గట్లాంటోళ్ళు కాలుజారి పడ్తరు. ఎవరేం చేస్తరు?"

నేను బండికి తగిలించిన నా సంచి తీసి చంకలో పెట్టుకున్నాను.

"నీ మనుమరాలు వనపర్తిల మెడికల్ షాపుల చేస్తది గద? సాయంత్రం ఒక్కతే నడిచి వస్తదంట. మంచి పిల్ల."

మళ్ళీ బండెక్కాడు. బస్సులో సీటు కూడా వాడే చూపించాడు. కండక్టరుతో "జర మా చిన్నమ్మను మంచిగ దింపు అన్నా" అని చెప్పి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు.

మనవరాలికి అన్నీ చెప్పాను, కాలువ దగ్గరి మాటతో సహా. ఎవరితో జాగ్రత్తగా ఉండాలో దానికి తెలియాలి కదా. అది పోలీసుల దగ్గరికి పోదామంది. నేను వద్దనలేదు, ముందు కాదు అన్నాను. పోలీసులు వచ్చి అడిగి పోతారు. వాళ్ళు పోయాక తలుపులు వేసుకున్న ఇంట్లో ఉండేది అక్క.

రోజూ ఫోన్ చేశాను. కోడలు ఎత్తేది. పండుకుంది. తానం చేస్తుంది. ఇప్పుడే కన్నంటుకుంది. ఒకనాడు పట్టుబట్టి, మాట వినిపించకపోతే ఫోన్ పెట్టనని కూర్చున్నాను. చివరికి అక్క గొంతు వచ్చింది.

"బాగున్న చెల్లె."

ఆమె ఆ మాట అనకముందే, పక్క నుంచి ఒక మగగొంతు సన్నగా అదే మాట అనడం వినిపించింది. బాగున్న.

"తింటున్నవా?"

మగగొంతు, తింటున్న. ఆ వెనుకే ఆమె, "తింటున్న."

"నేను వస్త."

రాకు, అంది మగగొంతు. "రాకు," అందామె.

ఫోన్ పెట్టేశాక నా చెవిలో ఆ రెండు గొంతులూ చాలాసేపు తిరిగాయి. ఇంక ఆగకూడదనుకున్నాను.

ఒంటరిగా వెళితే మళ్ళీ బండెక్కించి పంపుతాడు. కాబట్టి చాటుగా వెళ్ళలేదు. మనవరాలు సెలవు పెట్టింది. నేను పట్టుదారం ఉండ, లక్క, పళ్ళెంలో పసుపు కుంకుమ తీసుకున్నాను. ఆటో వీధి మొదట్లోనే ఆపించి, ఇంటింటి ముందూ నిలబడి గొంతెత్తి చెప్పాను. "పట్టెడకు కొత్త దారమేస్తున్న. ఆడోళ్ళంత రండ్రి!"

ఆ ఊళ్ళో అది రివాజు. ఆ ఇంటి పట్టెడకు దారం మారుతుంటే వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చుంటారు. పాత దారం లాగేటప్పుడు అందరూ ఒక చెయ్యి వేస్తారు. రాకపోతే తప్పు, రానివ్వకపోతే ఇంకా తప్పు. బీడీ ఆకు చేతిలో ఉన్నవాళ్ళు ఆకుతోనే వచ్చారు. పక్కింటి మస్తానమ్మ, దర్జీ భార్య, బడి ఆయా, చంక పిల్లలతో సహా పంచ నిండిపోయింది.

"ఏందమ్మా, పోయినసారి నాకు పూస గుచ్చిస్తనని గుచ్చియ్యలే," అని ఒకామె నన్ను ఎగతాళి చేసింది.

"నీ మొగుడు తెచ్చిన పూసలు గుచ్చితే నా సూది ఇరిగింది," అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు అవసరం. ఆ ఇంట్లో అన్ని గొంతులు ఒక్కసారి వినిపించి చాలాకాలమై ఉంటుంది.

ఇంట్లో కొడుకు లేడు. లోపలి గది తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. నేను ఆ గడియ వైపు చూశాను. నా చూపు వెంట వీధంతా చూసింది. కోడలు వచ్చి, అందరి ముందూ గడియ తీసింది. తీస్తూ నా చెవి దగ్గర గబగబా అంది.

"తీస్కపో చిన్నత్తమ్మా. ఆయన కొత్తకోటకు పోయిండు. వచ్చేలోపల తీస్కపో."

"నీ సంగతేంది?"

"నాకేమైతది?" అంది. ఆమె మోచేతి దగ్గర పాత నీలం మచ్చ ఉంది. అది నేను అప్పుడే చూశాను.

అక్క గోడ పట్టుకుని నడిచి వచ్చింది. మెడ బోసిగా ఉంది. వీధిలో ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె "పట్టెడ ఏది?" అంది. ఇంకొకామె అదే అడిగింది. అక్క ఎవరి వైపూ తిరగకుండా, "ఆటో యాడుంది?" అని నన్ను అడిగింది. బట్టలు కూడా తీసుకోలేదు. వీధి చివరిదాకా ఆడవాళ్ళు మా వెంట వచ్చారు. కోడలు గడపలోనే నిలబడింది.

"నువ్వు గూడ ఎక్కు," అని మనవరాలు వెనక్కి పరుగెత్తి అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. పిల్లలు బడిలో ఉన్నారంది.

ఆ సాయంత్రమే గద్వాలలో పోలీసులకు చెప్పాం. అమ్మేవాడు వీడియోలో చూపించిందంతా మనవరాలు అప్పుడే రికార్డు చేసి పెట్టుకుంది, అది వాళ్ళకు చూపించింది. రాసుకున్నారు, చూస్తామన్నారు. ఫోన్‌లో పట్టెడ ఫోటో ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. అమ్మేవాడు ఫోన్ ఎత్తడు. మనవరాలు సాయంత్రాలు షాపు ఓనరు భార్యతో కలిసి ఇంటికి వెళుతున్నది.

కొడుకు రాలేదు. ఫోన్ కూడా చేయలేదు. గొడవకు వచ్చి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. కోడలి ఫోన్ మోగి మోగి ఆగిపోతున్నది. వీధిలో దర్జీ భార్యకు చేస్తే, కోడలు కనిపిస్తున్నది కానీ ఎవరితో మాట్లాడటం లేదని చెప్పింది. రేపు మళ్ళీ చేస్తాను. ఆ వీధిలో ఎవరో ఒకరు రోజూ ఆ గడప తొక్కాలని వాళ్ళకు చెప్పి పెట్టాను, ఉప్పు కోసమైనా సరే, చింతపండు కోసమైనా సరే.

అక్క మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు కడుపునిండా అన్నం తింటున్నది. కాకపోతే కంచం ముందు కూర్చునే ముందు లేచి వెళ్ళి, పట్టపగలైనా సరే, వీధి తలుపు గడియ పెట్టి వచ్చి తింటుంది.